పైడిరాజు వెనకాల డైరెక్టరేటు

సకల సంక్షేమ డైరెక్టరేటు వెబ్‌సైటు మీద ఎవరో దాడి చేశారన్న సంగతి అందరికంటే ముందు కనిపెట్టినవాడు అటెండరు పైడిరాజు. కంప్యూటరు తెలిసి కాదు. సోమవారం పొద్దున్నే వరండాలో జనం మామూలుకి రెట్టింపు ఉన్నారు. ఏమర్రా ఇంతమంది అంటే, “సైటు తెరుచుకోటం లేదు బాబూ, అందుకని మేమే వచ్చేశాం” అన్నారు. పైడిరాజు వెళ్ళి సూపరింటెండెంటుకి చెప్పాడు. ఆయన డైరెక్టరు గారికి చెప్పాడు. మనకో వెబ్‌సైటు ఉందని డైరెక్టరు త్రివిక్రమరావు గారికి అప్పుడే తెలిసింది.

వెంటనే కాంట్రాక్టు మీద పనిచేసే కంప్యూటరు ఇంజనీరు రెహానాని పిలిపించారు.

“సార్, మన సర్వర్ అడ్రసు లోకమంతా తెలుసు. ఐపీ అడ్రసంటారు, ఒక నంబరు. అది తెలిసినవాడెవడో సరాసరి దాని మీదకే ప్రశ్నలు గుమ్మరించాడు. ఊపిరాడక పడిపోయింది.”

“తరుణోపాయము?” అన్నారు త్రివిక్రమరావు గారు. ఆఫీసులో ఉన్నంతసేపూ ఆయన నోట ఫైలు భాషే వస్తుంది. టీలో పంచదార తక్కువైనా ‘తగు చర్య నిమిత్తము’ అంటారు.

“ముందు ఇంకో కంప్యూటరు పెడదాం సార్. రివర్స్ ప్రాక్సీ అంటారు. బయటివాళ్ళకి దాని అడ్రసే తెలుస్తుంది. ఎవరేం అడిగినా అది తీసుకుని, అసలు సర్వర్ని అడిగి, జవాబు తెచ్చి తనే ఇచ్చేస్తుంది. అసలుది ఎక్కడుందో ఎవరికీ తెలీదు.”

డైరెక్టరు గారి ముఖంలో ఏమీ కదల్లేదు. రెహానా అటూ ఇటూ చూసింది. టీ గ్లాసుతో పైడిరాజు కనబడ్డాడు.

“మీ గుమ్మం దగ్గర పైడిరాజు గారు లేరూ సార్? వచ్చినవాళ్ళు ఆయనకి చెప్తారు, ఆయన వచ్చి మీకు చెప్తారు, మీరన్నది వెళ్ళి వాళ్ళకి చెప్తారు. అచ్చం అలాగే.”

పాపం, ఆ ఒక్క ముక్క అనకుండా ఉండాల్సింది.

త్రివిక్రమరావు గారు కుర్చీలోంచి మెల్లిగా లేచారు. “అనగా, ఈ ఏర్పాటులో సర్వరు స్థానమున ఉన్నది...”

“మీరే సార్.”

ఆయన కళ్ళు చెమర్చాయి. ఫైలు భాష కూడా మర్చిపోయారు. “ఇంత సర్వీసులో నన్ను ఇంత బాగా ఎవరూ అర్థం చేసుకోలేదమ్మా” అన్నారు. మళ్ళీ తేరుకుని, “ఒక ఇనుప డబ్బాకు ఇంతటి రక్షణ కల్పించుచూ, గెజిటెడ్ అధికారినైన నన్ను పేరు బోర్డు తగిలించి నడిబజారులో కూర్చుండబెట్టుటయా? ఇది ఎవరి నిర్లక్ష్యము?” అని గర్జించారు.

రెహానా సాయంత్రానికల్లా కంప్యూటరు ముందు కంప్యూటరు పెట్టేసింది, వెబ్‌సైటు లేచి కూర్చుంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆఫీసులో అందరూ డైరెక్టరు గారి కొత్త ఉత్తర్వు చదువుతున్నారు. ‘ఇందుమూలముగా సమస్తమైన వారికి తెలియజేయునది ఏమనగా, ప్రజలకు మరింత చేరువ అగు ఉద్దేశముతో, డైరెక్టరేటును ప్రజలకు తెలియని చోటికి తరలించుట జరుగుచున్నది.’

పాత బిల్డింగులో మిగిలేది ఒక్క కిటికీ, ఒక్క పైడిరాజు. అర్జీలు తీసుకుని అసలు ఆఫీసుకి మోసుకెళ్ళడం, అక్కడన్న మాట తెచ్చి జనానికి చెప్పడం అతని పని. హోదా ‘అగ్ర ప్రతినిధి’. అసలు ఆఫీసు ఎక్కడుందో మాత్రం చచ్చినా చెప్పకూడదు.

“అయ్యా, మరి నా పర్మినెంటు సంగతి?” అని నసిగాడు పైడిరాజు.

అదీ అతని బాధ. ఇన్నేళ్ళూ ఔట్‌సోర్సింగులోనే గడిచిపోయాయి. నలభై అయిదు నిండితే ఇక జన్మలో పర్మినెంటు చెయ్యరు. అతనికి జూన్ నెలాఖరుకి నిండుతాయి. ఆ రోజు అయిదు గంటల్లోగా ఆర్డరు చేతిలో పడాలి. ఆ ఆర్డరొస్తే క్వార్టర్సు ఇస్తారు, జబ్బు చేస్తే ఆస్పత్రి కార్డు ఉంటుంది. నడుంనొప్పితో తీసుకుంటున్న భార్య నూకరత్నానికి ఏళ్ళ తరబడి ఆ కార్డు చూపించే ధైర్యం చెబుతున్నాడు.

“ఈ ఏర్పాటు జయప్రదమగుగాక, తక్షణమే సంతకము చేసెదము” అన్నారు త్రివిక్రమరావు గారు. పైడిరాజుకి కాళ్ళు నేల మీద ఆగలేదు.

చేపల మార్కెట్టు వెనక మూతపడ్డ సినిమా హాలొకటి ఉంది. డైరెక్టరేటు అందులో దిగింది. హోదా ప్రకారం కూర్చోబెట్టడానికి ఆ హాలుని మించింది లేదు. డైరెక్టరు గారికి పైన బాక్సు. సూపరింటెండెంట్లకి బాల్కనీ, సీనియర్ గుమాస్తాలకి కుర్చీ, జూనియర్లకి బెంచీ, టైపిస్టులకి నేల. ఎవరూ ఫోన్లు తేకూడదు, ఎక్కడ పనిచేస్తున్నారో ఇంట్లో చెప్పకూడదు. ఎవరికీ అనుమానం రాకూడదని గేటుకి ఒక బోర్డు కూడా రాయించారు. డిపార్టుమెంటు నీలం రంగు మీద తెల్లక్షరాలతో, కింద అధికార ముద్రతో ‘ఇచ్చట ప్రభుత్వ కార్యాలయము లేదు’ అని.

గేటు దగ్గర దఫేదారు అసిరయ్యని పెట్టారు. అతనూ పైడిరాజూ ఒకే గ్లాసులో టీ పంచుకున్న స్నేహితులు.

పైడిరాజు రోజూ పొద్దున్న కిటికీ దగ్గర అర్జీలు తీసుకుని, మధ్యాహ్నం మోపెడ్ మీద వేసుకుని, ఎవరైనా వెంటపడతారేమోనని ఊరంతా ఓ చుట్టు తిరిగి, చేపల మార్కెట్టులో మోపెడ్ దాచి, మిగతా దూరం నడిచి వెళ్ళేవాడు. అర్జీలన్నీ చేపల కంపు కొడుతున్నాయని టైపిస్టులు ముక్కు మూసుకునేవాళ్ళు.

కొన్నాళ్ళకి రెహానా కిటికీ దగ్గరికొచ్చింది. “ఇంతెందుకు తిరుగుతారు పైడిరాజు గారూ? అసలు ప్రాక్సీ అయితే ఒకసారి వచ్చిన జవాబు గుర్తుపెట్టుకుంటుంది. మళ్ళీ ఎవరైనా అదే అడిగితే లోపలికి పోకుండా తనే చెప్పేస్తుంది” అంది.

సంగతి డైరెక్టరు గారికి చేరింది, వెంటనే అమలు చేయమన్నారు. అడిగిందే మళ్ళీ అడగడానికి వచ్చినవాళ్ళకి లోపల్నుంచి ఏమేం జవాబులు వస్తున్నాయో పైడిరాజు గుర్తుచేసుకోబోయాడు. పెద్ద శ్రమ పడక్కర్లేకపోయింది. ‘పరిశీలనలో ఉంది’, ‘ఇది మా సెక్షను కాదు’, ‘జిరాక్సు జతపరచలేదు’, ‘సారు మీటింగులో ఉన్నారు’. ఇంతే. మర్నాటి నుంచి కిటికీ దగ్గర క్యూ పరిగెత్తింది. ఇదివరకు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పడిగాపులు పడి మీటింగు మాట వినేవాళ్ళు ఇప్పుడు నిమిషంలో వినేసి ఇంటికెళ్ళిపోతున్నారు. “గవర్నమెంటు ఆఫీసంటే ఇలా ఉండాలి” అని ఓ రిటైర్డు మాస్టారు పైడిరాజుకి అరటిపళ్ళు కూడా తెచ్చిచ్చాడు.

కొత్త అర్జీలు మాత్రం లోపలికెళ్ళేవి. అక్కడే వచ్చిపడింది అసలు తంటా.

అర్జీ ఎవరిదో పేరు రాసి పంపాలా వద్దా అన్న ప్రశ్న వచ్చింది. “తప్పకుండా పంపాలి సార్, లేకపోతే లోపలివాళ్ళకి అన్నీ పైడిరాజు గారే అడుగుతున్నట్టుంటుంది” అని రెహానా ఓ కాగితం రాసి పైడిరాజు చేత పంపింది. త్రివిక్రమరావు గారు దాని మీద సుదీర్ఘంగా నోటు రాశారు. ‘మేము ఎవరికీ కనపడకుండగా, వారు మాత్రము మాకు కనపడుట గోప్యతా సూత్రమునకు విరుద్ధము. లోపలివారికి తెలియవలసినది అగ్ర ప్రతినిధి ఒక్కరే.’ అంచేత ప్రతి అర్జీనీ కిటికీ దగ్గరే తిరగరాసి, అర్జీదారు పేరు చోట పైడిరాజు, చిరునామా చోట పైడిరాజు ఇంటి చిరునామా వెయ్యాలని రూలు పెట్టారు.

ఇక లోపలివాళ్ళ సంగతి. వాళ్ళకి ఫోన్లు లేవు, పలకరించడానికి వచ్చేవాళ్ళు లేరు, బయట తిరగడానికి వీల్లేదు. చీకటి హాల్లో తెల్లటి తెర వైపు చూస్తూ ఎంతసేపు కూర్చుంటారు? విసుగెత్తి పని చెయ్యడం మొదలుపెట్టారు. ఏళ్ళ తరబడి కదలని ఫైళ్ళు కూడా చకచకా తేలిపోయాయి. మంజూరైనవన్నీ డిపార్టుమెంటు లారీల్లో రూలు ప్రకారం అర్జీదారు ఇంటికి బయల్దేరాయి.

పైడిరాజు సాయంత్రం ఇంటికెళ్తే వీధి మొదట్లోనే మేకల అరుపులు వినబడ్డాయి. ఉన్నవి రెండు గదులు. ముందు గది నిండా మేకలు, వెనక గది నిండా కుట్టుమిషన్లు. దొడ్లో చేపల వలలు గుట్ట పోసి ఉన్నాయి. మూడు చక్రాల బళ్ళు సందు చివరిదాకా వరస కట్టాయి. నూకరత్నం నడుం మీద చెయ్యేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

“ఏటయ్యా ఇది? మేకలంటే సర్దుకున్నాను. ఇదేటి?” అంటూ ఓ కాగితం ముఖం మీదకి విసిరింది. పైడిరాజుకి వితంతు పింఛను మంజూరైంది.

“ఆఫీసోళ్ళు పొరపాటున...”

“నాను గుండ్రాయిలా బతికుంటే నీకు వితంతు పింఛనా! మరిదేటి? గర్భిణీ పైడిరాజుకి పౌష్టికాహారమంట. బెల్లం, వేరుశనగుండలు, రెండు డబ్బాల నెయ్యి! ఎన్నో నెలయ్యా నీకు?”

పైడిరాజు మర్నాడు కిటికీ దగ్గర లేచి నిలబడి, “మేకలకి ఎవురెవురు అర్జీ ఎట్టినారో సేతులెత్తండి!” అని కేకేశాడు. చేతులు లేచాయి. నెయ్యికి చేతులు లేచాయి. వలలకి లేచాయి. వారం తిరిగేసరికి ఇల్లు ఖాళీ అయింది, జనం చేతికి అందాల్సినవి అందాయి. ఆ డైరెక్టరేటు పుట్టాక అలాంటిది జరగడం అదే మొదలు. ఒక్క మేక మాత్రం ఎవరిదో తేలక మిగిలిపోయి నూకరత్నం నవారు మంచం సగం నమిలేసింది.

ఇలా సాగుతుండగా మే నెలలో బాల్కనీలో ఓ సూపరింటెండెంటు గారికి అనుమానం వచ్చింది. ఇంతమంది జనాభా ఉన్న జిల్లాలో అర్జీలన్నీ ఒక్కడే ఎందుకు పెడుతున్నాడు? ఆ ఒక్కడూ జాలరీ, నేతగాడూ, వికలాంగుడూ, వితంతువూ, నిండు గర్భిణీ, ఆరో క్లాసు చదివే ఆడపిల్లా ఎలా అయ్యాడు? వెంటనే బాక్సులోకి పరిగెత్తి విన్నవించుకున్నాడు.

త్రివిక్రమరావు గారు ఆనందం పట్టలేక తొడ చరిచారు. “ఒకే స్థానము నుండి లెక్కకు మిక్కిలి అభ్యర్థనలు! రెహానా చెప్పిన దాడి ఇదియే కదా! మన ఏర్పాటు ఇంత పటిష్ఠముగా లేనిచో శత్రువును ఇంత స్పష్టముగా పట్టుకొనగలిగెడివారమా!”

శత్రువు ఎవరో కూడా చెప్పి ఆయన ఉత్సాహం చల్లార్చడానికి ఎవరికీ మనసొప్పలేదు. అక్కడికక్కడే ఉత్తర్వు వెలువడింది. ‘పైడిరాజు అనువాని నుండి ఎట్టి అర్జీని, కబురును, మనిషిని స్వీకరించరాదు.’

మర్నాడు మధ్యాహ్నం అసిరయ్య గేటు తీయలేదు.

“ఒరే, నానురా!”

“తెలుసురా. అందుకే తియ్యట్లేదు” అన్నాడు అసిరయ్య, తల దించుకుని. “నువ్వు కాక ఇంకెవుడైనా అయితే ఏదో ఒకటి సేసేవోణ్ణి. నీ పేరే రాసి ఎట్టినారు.”

“మరి అర్జీలు?”

“నువ్వు తప్ప ఇంకెవుడూ తేకూడదని ముందో రూలుంది. నువ్వు తేకూడదని ఇప్పుడో రూలొచ్చింది.”

ఆ రోజు నుంచి డైరెక్టరేటుకి ఒక్క అర్జీ రాలేదు. పెండింగు సున్నా, ఫిర్యాదులు సున్నా. నెలాఖరుకి ఒక్క ఫిర్యాదూ తమ దాకా రాకపోవడం చూసి పైవాళ్ళు మురిసిపోయి, అన్ని శాఖలూ ఇలాగే మాయమైతే ఎంత బాగుండునని మెచ్చుకుంటూ పోస్టులో ఉత్తరం రాశారు. అది కిటికీకొచ్చింది. లోపలికి ఎలా పంపాలో తెలీక పైడిరాజు దాన్ని కూడా వెళ్ళని అర్జీలతో పాటు సంచీలో పెట్టుకున్నాడు. సంచీ ఉబ్బిపోయి జిప్పు పడటం మానేసింది.

రెహానా దగ్గరికి పరిగెత్తాడు. “రెహానమ్మా, నువ్వైనా సెప్పమ్మా సారుకి.”

“నేను మాత్రం ఎలా చెప్పను పైడిరాజు గారూ? ఆఫీసెక్కడుందో నాకు తెలీదు. నేనేం చెప్పినా మీ ద్వారానే చెప్పాలి” అంది ఆ పిల్ల, కళ్ళనీళ్ళు పెట్టుకుని. “మీ పేరు ఉదాహరణకని చెప్పాను. నా నోరు పడిపోనూ.”

జూన్ ముప్పై వచ్చింది. పైడిరాజు పొద్దున్నే తలంటుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని సినిమా హాలు ముందు నిలబడ్డాడు. అసిరయ్య గేటు తీయలేదు గానీ, మూసిన టిక్కెట్ల కన్నం దగ్గర నిలబడి అరవమని కళ్ళతో సైగ చేశాడు. పైడిరాజు అరిచాడు. మధ్యాహ్నం దాకా అరిచాడు. చివరికి కన్నం కాస్త తెరుచుకుని, వెనక నుంచి త్రివిక్రమరావు గారి గొంతు వినబడింది.

“ఎవరు వారు?”

“నానండి, పైడిరాజునండి! నా పర్మినెంటు ఆర్డరు...”

“ఆ ఆర్డరుపై గత నెలాఖరుననే మేము సంతకము చేసియుంటిమి. ఏర్పాటు అఖండ విజయము సాధించినది కదా.”

“మరి ఇయ్యలేదేటండి?”

“ఈ కార్యాలయము నుండి ఏ కాగితమైనను అగ్ర ప్రతినిధి ద్వారానే వెలుపలకు పోవలెను.”

“ఆ పెతినిధిని నానే కదండి!”

“అట్లయిన అతడు నిషేధములో ఉన్నాడు. నిషేధము తొలగింపునకు అర్జీ పెట్టుకొనవచ్చును.”

“ఎక్కడెట్టమంటారండి?”

“కిటికీ వద్ద” అన్నారు డైరెక్టరు గారు. కన్నం మూసుకుంది.

పైడిరాజుకి ఒళ్ళు మండిపోయింది. పుట్టి బుద్ధెరిగాక అంత కోపం అతనికి ఎప్పుడూ రాలేదు. సంతకమైన కాగితం గోడకి అవతల ఉంది, ఇవతల తనున్నాడు, మధ్యలో అడ్డం తనే. మోపెడ్ తీసి ఈసారి ఏ చుట్టూ తిరక్కుండా నడిరోడ్డున కిటికీ దగ్గరికొచ్చాడు. అక్కడ క్యూ రోడ్డు దాకా ఉంది. చంకలో పిల్లతో ఉన్న ముందామె, “ఏటన్నారు బాబూ?” అంది.

మామూలు జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. పైడిరాజు దాన్ని మింగేశాడు.

“మీరే అడుగుదురు గానీ, రండి నాతో. ఆఫీసెక్కడుందో నాను సూపిస్తాను” అన్నాడు.

జనం మొదట నమ్మలేదు. తర్వాత నవ్వారు. తర్వాత కదిలారు. మోపెడ్‌ని తోసుకుంటూ ముందు పైడిరాజు, వెనక ముసలీ ముతకా, కర్రల వాళ్ళూ, పిల్లల తల్లులూ. మేకని పలుపుతాడుతో పట్టుకుని నూకరత్నం కూడా వచ్చి కలిసింది. చేపల మార్కెట్టులో వాళ్ళు బుట్టలొదిలేసి మరీ వెంటొచ్చారు, వాళ్ళ అర్జీలు కూడా ఉన్నాయి మరి.

అసిరయ్య దూరం నుంచే చూశాడు. పైడిరాజు నుంచి ఏ మనిషినీ రానివ్వద్దన్నారు గానీ, ఇంతమందిని రానివ్వద్దని ఎవరూ రాసివ్వలేదు. గేటు బార్లా తీసి పక్కకి తప్పుకున్నాడు.

“దాడి! అసలైన దాడి! స్థానము బయల్పడినది!” అని బాక్సులోంచి కేక వినబడింది. సినిమా హాలుకి ఒక పక్క రావడానికి దారులుంటే ఇంకో పక్క పోవడానికి దారులుంటాయి. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ, హోదా కూడా చూసుకోకుండా ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ వెనక తలుపుల్లోంచి పరారయ్యారు. జనం లోపలికొచ్చేసరికి ఫ్యాన్లు తిరుగుతున్నాయి, టీ గ్లాసుల్లో టీ ఇంకా వేడిగానే ఉంది, మనిషి జాడ లేదు.

పైడిరాజు మెట్లెక్కి బాక్సులోకి వెళ్ళాడు. డైరెక్టరు గారి బల్ల మీద అన్నిటికంటే పైనే ఉంది అతని ఆర్డరు. కింద పచ్చసిరా సంతకం. ముద్ర ఒక్కటే తక్కువ. గుండ్రటి రబ్బరు స్టాంపు, ఇంకు ప్యాడు అక్కడే ఉన్నాయి, పారిపోయే కంగార్లో వదిలేశారు.

గోడ గడియారం అయిదుకి దగ్గర పడింది. పైడిరాజు స్టాంపు తీసి మళ్ళీ పెట్టేశాడు. నూకరత్నం మెట్ల మీంచి, “ఏటాలోసిస్తన్నావు, కొట్టెయ్!” అంది. కొట్టేశాడు. ఆ చప్పుడు హాలంతా వినబడింది. ఆయాసంతో రొప్పుతూ నూకరత్నం కింద కుర్చీలో కూలబడి, చెంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

పైడిరాజు ఆర్డరు మడిచి జేబులో పెట్టుకున్నాడు. దిగి వెళ్ళిపోదామనుకున్నాడు. మెట్ల నిండా జనం నిలబడే ఉన్నారు, ఎవరూ తోసుకోవడం లేదు, ఎవరూ అరవడం లేదు. చంకలో పిల్లతో ఉన్నామె అందరికంటే ముందుంది. ఆమె చేతిలో అర్జీ నలిగి నలిగి గుడ్డముక్కలా అయింది.

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. స్టాంపు ప్యాడు మీద ఒత్తాడు.

“నీ పేరేటమ్మా?”

ఇప్పటికీ ఆ సినిమా హాల్లో సకల సంక్షేమ డైరెక్టరేటు నడుస్తూనే ఉంది. జవాబులు ఎప్పట్లాగే పైడిరాజు దగ్గర్నుంచి వస్తున్నాయి కాబట్టి పైవాళ్ళకి తేడా తెలియలేదు. త్రివిక్రమరావు గారూ, మిగతా సిబ్బందీ మరింత రహస్యమైన చోటికి తరలిపోయారని అంటారు. ఎక్కడున్నారో ఎవరికీ తెలీదు. తెలుసుకోవాల్సిన పని కూడా ఇంతవరకూ ఎవరికీ పడలేదు.